హెచ్‌-4 పిల్లలు, పెద్ద కాలేజీ సీట్లు

హార్వర్డ్, ఎంఐటీ వంటి అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసిన నూరుమందిలో నలుగురైదుగురికి మించి సీటు దొరకదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి చిన్నతనంలోనే అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్లలు ఈ పోటీలో ఎక్కడ నిలుస్తారన్నది ఒక్క మార్కులతో తేలేది కాదు. దరఖాస్తు పెట్టే నాటికి వాళ్లకు గ్రీన్‌కార్డు వచ్చిందా, ఇంకా తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్‌-4 వీసా మీదే ఉన్నారా అన్నది కూడా చూడాలి.

1965 నాటి వలస చట్టం దారి తెరిచాక తొలితరంలో వెళ్లిన తెలుగువారిలో డాక్టర్లు ఎందరో. వాళ్ల పిల్లలు చాలావరకు అక్కడే పుట్టి పౌరులయ్యారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో హెచ్‌-1బీ వీసా మీద వెళ్లిన తర్వాతి తరం సంగతి వేరు. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. వాటిలో ఏ దేశం వారికైనా మామూలుగా 7 శాతమే పరిమితి. అందుకే భారతీయుల నిరీక్షణ పదేళ్లు ఎప్పుడో దాటిపోయింది. మూడేళ్ల వయసులో విమానం ఎక్కిన బిడ్డ హైస్కూలు ముగించినా తల్లిదండ్రులు ఇంకా వరుసలోనే ఉంటున్నారు.

అక్కడే అక్షరాలు దిద్ది, అక్కడే పెరిగిన ఆ బిడ్డను చాలా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థిగానే లెక్కగడతాయి. ఇది అన్యాయమే. దీనివల్ల జరిగే నష్టం కూడా చిన్నది కాదు. ఎంఐటీలో విదేశీ దరఖాస్తుదారుల్లో సీటు వచ్చేది దాదాపు 2 శాతానికే. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం హెచ్‌-4 పిల్లలకు అందదు. పైగా ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి ఎంపికలో ఆ కుటుంబం ఫీజు కట్టగలదా అన్నదీ చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హెర్స్ట్ వంటి కొన్ని మాత్రం ఎవరి దరఖాస్తు చదివేటప్పుడూ డబ్బు ప్రస్తావన రానివ్వవు. సీటు ఇచ్చాక ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. తెనాలిలోనో బాపట్లలోనో ఇంటర్ చదివి నేరుగా దరఖాస్తు పెట్టేవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పోటీ కఠినమైనా, మధ్యతరగతి ఇంటికి తలుపు మూయని చోట్లు ఇవే.

అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల లెక్క మన ఈఏపీసెట్‌లోని లోకల్, నాన్‌లోకల్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అక్కడా పుట్టిన ఊరిని కాక, కొన్నేళ్లుగా ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ చదివారు అన్నది చూస్తారు. చాలా రాష్ట్రాల్లో హెచ్‌-4 పిల్లలకూ స్థానికుల ఫీజే. తెలుగువారు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో, తమ హైస్కూలు తరగతిలో పై పదో వంతులో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఇవ్వాలని 1997లో చట్టం వచ్చింది. తాకిడి పెరగడంతో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణం 2026 ప్రవేశాలకు దీన్ని 5 శాతానికి కుదించుకుంది. అయితే ఆ హామీ విశ్వవిద్యాలయంలో చేరడానికే. కంప్యూటర్ సైన్స్ సీటుకు మళ్లీ వేరే పోటీ. ఈ తేడా ముందుగా తెలియక దెబ్బతినే కుటుంబాలు ఎన్నో.

పేరున్న ప్రైవేటు కాలేజీ ఒక్కటే దారి అనుకోనక్కరలేదు. చీరాలలో పుట్టి, కొంతకాలం తెనాలిలో పెరిగి, హ్యూస్టన్‌లో చదువుకున్న శిరీష బండ్ల ఇండియానా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన పర్డ్యూలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివింది. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లివచ్చింది.

ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టే అనే మన లెక్క ఈ కాలేజీల దగ్గర సాగదు. శాట్ వంటి పరీక్షల స్కోరును ఎంఐటీ 2022లో, హార్వర్డ్, యేల్ 2024లో మళ్లీ తప్పనిసరి చేసిన మాట నిజమే. కానీ మంచి స్కోరు ఉన్నవారు సీట్లకు ఎన్నో రెట్లు ఉంటారు కాబట్టి వ్యాసం, ఉపాధ్యాయుల సిఫార్సు లేఖలు, బడి బయట చేసిన పని కూడా తూకానికి వస్తాయి. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా, జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి స్వయంగా రాసుకుంటే చదవవచ్చని అందులోనే చెప్పింది. వలస వచ్చిన పిల్లలు తమ కథ తాము చెప్పుకోవడానికి అది చాలు.

హెచ్‌-4 పిల్లల దరఖాస్తులో ఒక ఖాళీ ఉంటుంది. జీతం తీసుకుని ఏ పనీ చేయడానికి వాళ్లకు అనుమతి లేదు. తోటివాళ్లు వేసవిలో చేసే ఉద్యోగాలు, జీతం వచ్చే ఇంటర్న్‌షిప్పులు వీళ్లకు ఉండవు. పౌరులకే పరిమితమైన స్కాలర్‌షిప్పులూ రావు. దరఖాస్తు చదివేవారికి ఈ నిబంధన తెలియకపోతే అది బద్ధకంలా కనిపించే ప్రమాదముంది. బడిలోని కౌన్సిలర్ తన లేఖలో ఆ కారణం ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

సీటు వచ్చాక కూడా 21వ పుట్టినరోజు ఒక గండమే. ఆ రోజుతో హెచ్‌-4 ముగుస్తుంది. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం గ్రీన్‌కార్డు కోసం కొందరి వయసు లెక్కను కాస్త తగ్గించినా, అందరినీ ఆదుకోదు. అనుమతి లేకుండా ఉన్న పిల్లల కోసం 2012లో తెచ్చిన డాకా పథకం, చట్టబద్ధంగా ఉంటున్న వీళ్లకు వర్తించదు. కాబట్టి డిగ్రీ మధ్యలోనే ఎఫ్‌-1 విద్యార్థి వీసాకు మారాలి. మార్పుకు నెలలు పడుతుంది గనుక, విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయం నుంచి ఐ-20 పత్రం తీసుకుని ఇరవయ్యో ఏటనే దరఖాస్తు పెట్టడం మంచిది.