చోడవరం చెరకు పల్లెలు: ఆడపిల్ల బడి మానేసేది ఎప్పుడు? ఆపాలంటే ఎవర్ని అడగాలి?

సర్కారు బడిలో ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం.. అన్నీ ఉచితమే. అమ్మ ఖాతాలో డబ్బులు కూడా పడుతున్నాయి. మరి పేదింటి ఆడపిల్ల బడి ఎందుకు మానేస్తోంది? ఒకప్పుడు విశాఖ జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం వైపు చూస్తే సగం జవాబు క్యాలెండర్‌లోనే దొరుకుతుంది.

ఇది చెరకు ప్రాంతం. ఇటు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, అటు అనకాపల్లి బెల్లం మార్కెట్. చలికాలం మొదలైందంటే చెరకు నరుకుడు, బెల్లం వండే పనులు ఊపందుకుంటాయి. ఎండలు ముదిరే దాకా అదే పని. కూలి ఇళ్లకు నాలుగు డబ్బులు కనిపించేది ఆ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే టెన్త్ పిల్లలకు ప్రీ ఫైనల్స్, ఆ వెంటనే మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అమ్మానాన్నా తెల్లారకముందే పొలానికి పోతే చంటి తమ్ముడిని ఎవరు చూస్తారు? అన్నం ఎవరు వండుతారు? ఇంకెవరు, పెద్ద కూతురే. ముందు వారానికి ఒకరోజు మానేస్తుంది. తర్వాత రెండు రోజులు. లెక్కల్లో వెనకబడుతుంది. సార్ ఏమంటారోనని భయం. ఆ భయంతో ఇంకో రెండు రోజులు. ‘బడి మానేసింది’ అని ఊళ్లో అనుకునేసరికి అసలు మానడం మొదలై నెలలు గడిచిపోయి ఉంటాయి.

హాజరు నిబంధన ఉంది కదా అంటారా? 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి ఏటా రూ.15,000. బడి నిర్వహణకు రూ.2,000 పోను, రూ.13,000 తల్లి ఖాతాలో పడుతుంది. 75 శాతం హాజరు ఉండాలి. కానీ లెక్క వేసి చూడండి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 55 రోజులు మానినా నిబంధన దాటినట్టు కాదు. వారానికి రెండు రోజుల చొప్పున నాలుగు నెలలు మానినా 35 రోజులే. అంటే డబ్బులు ఆగవు, చదువు మాత్రం ఆగిపోతుంది. పథకం మంచిదే. అయితే ఈ జారుడును అది పట్టుకోలేదు.

14 ఏళ్ల దగ్గర అసలు చిక్కు

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. బాల కార్మిక చట్టం కూడా 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దంటుంది. ఆ పైన 18 దాకా ప్రమాదకరమైన పనులకే నిషేధం. అంటే అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చే వేళకు రెండు చట్టాల పట్టూ ఒకేసారి సడలుతుంది. ఇక మిగిలింది 18 ఏళ్లలోపు పెళ్లి కూడదనే చట్టం. అదీ ఎంతవరకు ఆపుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఏపీలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. దేశ సగటు 23.3 శాతం. చదువులో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రానికి ఇది చిన్న అంకె కాదు.

పైగా అదే వయసులో బడి దూరమవుతుంది. ప్రైమరీ బడి ఊళ్లోనే ఉంటుంది. హైస్కూలు పక్క ఊళ్లో, ఇంటర్ కాలేజీ అయితే మండల కేంద్రంలో. చీకటి పడ్డాక పిల్ల ఒంటరిగా రావాలంటే ఏ తల్లికైనా గుబులే. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ దానిపై అధ్యయనం చేస్తే హైస్కూల్లో అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగినట్టు తేలింది. బడి 3 కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, అమ్మాయిలకు టికెట్ లేదు. కాలేజీ పిల్లలకు ఇది పెద్ద ఊరటే. కాకపోతే బస్సే రాని ఊరికి ఉచిత టికెట్ ఎందుకు?

మరి ఏం చేయొచ్చు?

పనికి వలస పోయే ఇళ్లకు, అమ్మో నాన్నో లేని పిల్లలకు అన్నిటికంటే గట్టి దారి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం, అంటే కేజీబీవీ. 2004లో ఈ పథకం వచ్చింది. ఉండడం, తినడం, చదువు అన్నీ అక్కడే. మొదట్లో 6 నుంచి 8 వరకే. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక ఇంటర్ దాకా పెంచుకునే వీలు కలిగింది. రాష్ట్రంలో 352 ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, నిరుపేద కుటుంబాల పిల్లలతో పాటు బడి మానేసిన వాళ్లకు, అనాథలకు ప్రాధాన్యం. దరఖాస్తులు మామూలుగా మార్చి, ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. అది కూలి పనులు ముమ్మరంగా ఉండే కాలం కాబట్టి చాలా ఇళ్లకు ఆ సంగతే తెలియదు. ఊళ్లో చదువుకున్న అన్నో, అక్కో పూనుకుని ఫోన్‌లోనే ఫారం నింపిపెడితే ఒక పిల్ల దారి మారిపోతుంది.

ఎనిమిదో తరగతిలో ఉంటే ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించాలి. కుటుంబ ఆదాయం ఏటా రూ.3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 వస్తుంది. చట్టం పట్టు సడలే ఆ నాలుగేళ్లకే ఈ డబ్బు అందడం గమనించాల్సిన విషయం.

ఇప్పటికే మానేసిన పిల్ల మాటేంటి? 14 లోపు అయితే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని చట్టం చెబుతోంది. టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో వెనక్కి పంపకూడదు. వెనకబడిన పాఠాల సంగతికి తెలుగు నేలపైనే ఒక ఉదాహరణ ఉంది. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని ముందు బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో ఉంచి, చదివించి, ఆ తర్వాతే మామూలు బడిలో కలిపింది. ఆ పనికే శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. ఊరూరా తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడటమే ఆ పనిలో పెద్ద భాగం.

టెన్త్ తప్పితే చాలామంది ఇళ్లల్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆగండి. సప్లిమెంటరీ పరీక్షలు ఆ వేసవిలోనే ఉంటాయి. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, పని చేసుకుంటూనే రాయొచ్చు. పద్దెనిమిది నిండని పిల్లకు ముహూర్తం పెట్టారని తెలిస్తే 1098కి ఫోన్ చేయాలి. డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు. గ్రామ సచివాలయంలోనో, అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కో చెప్పినా సరే. అయితే లగ్నపత్రిక రాసుకోకముందే చెబితే ఇరువైపులా కూర్చోబెట్టి మాట్లాడే వీలుంటుంది. పందిరి వేశాక చెబితే పోలీసులు రావాల్సి వస్తుంది.