మాల్టా కంకణపు రొట్టె: పేరులో చరిత్ర

సిసిలీకి దక్షిణాన ఉన్న ద్వీపదేశం మాల్టా. అక్కడి ‘ఆఅ తల్-హ్మీరా’ అనే తీపి రొట్టెను ఉదాహరణగా తీసుకోండి. (గొంతులో ఆపి పలికే ఆ మొదటి మాట మన లిపికి పూర్తిగా లొంగదు.) గోధుమపిండిలో వెన్న, పంచదార, ఈస్టు, సోంపు, లవంగాల పొడి కలిపి పులియబెడతారు. ముద్దను తాడులా సాగదీసి, కొనలు కలిపి, నువ్వులు దండిగా అద్ది కాలుస్తారు. కేకంత తీపి ఉండదు, టీతో తింటారు.

మనం గమనించవలసింది దాని పేరు. మొదటి మాట అరబ్బీ ‘కాక్’కు చుట్టం. ‘హ్మీరా’ అంటే ఈస్టు, అరబ్బీలో ‘ఖమీరా’. మీరు విన్న ‘ఖమీరీ రోటీ’లో ఉన్నదీ ఆ మాటే. మాల్టాను అరబ్బులు 870లో జయించారు, 1091లో నార్మన్లు దండెత్తారు. ఆ తరువాత పాలకులు మారారు, మతం మారింది. అరబ్బీ నుంచి పుట్టిన భాష మాత్రం నిలిచి, నేడు రోమన్ లిపిలో రాయబడుతోంది.

‘ఆఅ తల్-ఆసెల్’ అనే మరో కంకణంతో దీనిని పొరబడకండి. ‘ఆసెల్’ అంటే తేనె. అయినా అందులో నింపేది సాధారణంగా చెరకు నుంచి వచ్చే నల్లని పాకమే.