పీల్చే మత్తుమందుల జీవక్రియపై పూర్వ ఔషధాల ప్రభావం

తెలుగులో ‘మత్తు’ అనే మాట శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు కలిగించే స్థితికీ, మద్యం కలిగించే స్థితికీ సమానంగా వర్తిస్తుంది. ఈ రెండూ కాలేయంలోనూ ఒకచోట కలుస్తాయి. మద్యాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైములలో ఒకటైన సైటోక్రోమ్ పి450 2ఇ1, హాలోథేన్, ఎన్‌ఫ్లురేన్, సెవోఫ్లురేన్ వంటి పీల్చే మత్తుమందులనూ విచ్ఛిన్నం చేస్తుంది.

ఊపిరితిత్తుల ద్వారా లోపలికి వెళ్లిన మత్తుమందు ఏ మార్పూ లేకుండా తిరిగి ఊపిరితోనే వెలువడుతుందని పూర్వం భావించేవారు. 1960వ దశకంలో రేడియోధార్మిక పరమాణువుల సాయంతో జరిగిన పరిశోధనలు ఈ భావనను తోసిపుచ్చాయి. హాలోథేన్‌లో సుమారు 20 శాతం, సెవోఫ్లురేన్‌లో 2 నుంచి 5 శాతం, ఐసోఫ్లురేన్‌లో 0.2 శాతం, డెస్‌ఫ్లురేన్‌లో 0.02 శాతం శరీరంలో మార్పు చెందుతాయి. అవయవాలకు జరిగే హాని ఎక్కువగా ఈ మార్పులో పుట్టే పదార్థాల వల్లనే కలుగుతుంది. మెథాక్సీఫ్లురేన్ నుంచి విడుదలైన ఫ్లోరైడ్ మూత్రపిండాలను దెబ్బతీయడంతో శస్త్రచికిత్సలలో దాని వాడుక ఆగిపోయింది. కాబట్టి మత్తు లోతు యథాతథంగా ఉన్నా ప్రమాదం మాత్రం పెరగవచ్చు.

పూర్వ ఔషధాల ప్రభావం ఇక్కడే మొదలవుతుంది. అయితే దానిని ‘పెంచుతుంది’, ‘తగ్గిస్తుంది’ అని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. దీర్ఘకాలం మద్యం సేవించినవారిలో 2ఇ1 పరిమాణం పెరుగుతుంది. రక్తంలో మద్యం ఉన్నంతసేపూ అదే ఎంజైము కోసం పోటీ ఏర్పడి మత్తుమందు విచ్ఛిత్తి తగ్గుతుంది. మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ ఒక్క మోతాదుతోనే ఈ ఎంజైమును నిరోధిస్తుంది. మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్ మెథాక్సీఫ్లురేన్ విచ్ఛిత్తిని పెంచినా, ఎన్‌ఫ్లురేన్ విషయంలో అంతగా పనిచేయదు. అది ప్రధానంగా ప్రేరేపించే ఎంజైములు వేరు. భారతదేశంలో ఎక్కువ శ్రద్ధ కోరేది క్షయ చికిత్సలోని ఐసోనియజిడ్. దానిని వాడుతున్న కొందరిలో ఎన్‌ఫ్లురేన్ తరువాత రక్తంలో ఫ్లోరైడ్ గణనీయంగా పెరిగింది. అందరిలో ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు, ఐసోనియజిడ్‌ను శరీరం మార్చే వేగం జన్యుపరంగా మనిషి మనిషికీ వేరు కావడమే కారణంగా చూపుతారు.

పూర్వం తీసుకున్న ఔషధం మత్తుమందే అయినప్పుడు విషయం మరోలా ఉంటుంది. హాలోథేన్ విచ్ఛిత్తిలో పుట్టే ట్రైఫ్లోరోఎసిటైల్ సమూహం కాలేయ ప్రోటీన్లకు అంటుకుంటుంది. అరుదుగా కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయి పదార్థాలుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ హాలోథేన్ ఇచ్చినప్పుడు తీవ్రమైన కాలేయ వ్యాధి రావచ్చు. ఇక్కడ మిగిలేది ఎంజైము పెరుగుదల కాదు, రోగనిరోధక జ్ఞాపకం. ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ కూడా స్వల్పంగా ఇదే సమూహాన్ని ఏర్పరుస్తాయి, సెవోఫ్లురేన్ ఏర్పరచదు. అందువల్ల పాత శస్త్రచికిత్సలో ఏ మత్తుమందు ఇచ్చారో, ఆ తరువాత కామెర్లు వచ్చాయో లేదో రోగిని అడిగి నమోదు చేస్తారు.