మైకు ముందు మూగనోము ఎందుకు?

"సార్! పొద్దున్నుంచి సాయంత్రం దాకా హీరోల చేతా, హీరోయిన్ల చేతా మాట్లాడిస్తారు గదా... మీరెప్పుడు మాట్లాడతారు?"

ఈ ప్రశ్న వేసింది ఏ విలేకరో కాదు. మా డబ్బింగ్ థియేటర్‌కి టీ తెచ్చే కుర్రాడు! సరదాగానే అడిగాడు. నాకు మాత్రం చురుక్కుమంది.

నేను హైదరాబాదులో, కృష్ణానగర్ పక్క సందులో ఉన్న ఓ చిన్న డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీర్‌ని. మైకులతోనే నా బతుకు. అలాంటివాడిని పాడ్‌కాస్ట్ మొదలుపెడదామని మూడేళ్ళు అనుకుంటూనే ఉండిపోయాను. చేపల చెరువు గట్టున కూర్చుని ఆకలో అని ఏడ్చినట్టుంది గదూ!

పాడ్‌కాస్ట్ అంటే మీకు తెలియంది కాదు. మనకు నచ్చినప్పుడు, నచ్చినచోట, ఫోన్‌లో వినే మాటల కార్యక్రమం. రేడియోకి మనవడి వరస. 2004లో బెన్ హామర్‌స్లీ అనే ఇంగ్లీషు పాత్రికేయుడు 'గార్డియన్' పత్రికలో రాస్తూ ఈ మాట వాడాడు. ఐపాడ్‌లోంచి 'పాడ్', బ్రాడ్‌కాస్ట్‌లోంచి 'కాస్ట్'. తమాషా ఏమిటంటే ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది. దాని పేరు పెట్టుకున్న పాడ్‌కాస్ట్ మాత్రం దర్జాగా నడుస్తోంది!

మాస్టారి కొబ్బరి చిప్పలు

నా కథ చెప్పాలంటే ముందు మా మాస్టారి గురించి చెప్పాలి. ఆయన ఎఫెక్ట్స్ మనిషి. అంటే తెరమీద హీరో నడుస్తుంటే థియేటర్‌లో తను నడిచి ఆ అడుగుల చప్పుడు ఇచ్చేవాడన్నమాట. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమతోపాటే హైదరాబాదు వచ్చేశారు. కొబ్బరి చిప్పలు బోర్లించి కొడితే గుర్రాలు పరుగెత్తేవి. పల్చటి రేకు ఊపితే ఉరిమేది. సెలోఫేన్ కాగితం నలిపితే ఇల్లు తగలబడేది! మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన కబుర్లు మొదలెడితే పెరుగన్నం కలుపుకోవడం కూడా మరిచిపోయేవాళ్ళం.

"ఏరా అబ్బాయ్! ఇవన్నీ ఎవరైనా వింటారంటావా?" అని ఓ రోజు అడిగారు.

"ఎందుకు వినరు మాస్టారూ! మంచి మైకు ఒకటి కొన్నాక రికార్డు చేద్దాం" అన్నాను. అది 2019.

మైకు కొన్నాను. పెట్టె విప్పలేదు. గదికి అట్టలు కొట్టించాలనుకున్నాను. కొట్టించలేదు. పేరు ఆలోచించాను, బొమ్మ గీయించాను. ఇంతలో లాక్‌డౌన్. 2021 మే నెలలో మాస్టారు వెళ్ళిపోయారు.

ఇవాళ నా దగ్గర ఆయన గొంతు ఎంత మిగిలిందో తెలుసా? ఫోన్‌కి పంపిన ఓ సందేశం. పదిహేడు సెకన్లు. అందులో ఆయన అడిగింది కరెంటు బిల్లు ఫోన్‌లో ఎలా కట్టాలని!

అందుకే ఈ వ్యాసం. పాఠకుల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, వృత్తిలో నాలుగు విషయాలు తెలిసినవాళ్ళు, 'నేనూ ఒకటి మొదలెట్టాలండీ' అనేవాళ్ళు చాలామందే ఉంటారు. అడ్డొచ్చేవన్నీ నాకూ అడ్డొచ్చినవే. ఒక్కొక్కటే చూద్దాం రండి.

'ఛీ! ఇది నా గొంతేనా?'

మొదటి విలన్ ఇతనే. కొత్త నటులు మొదటిసారి డబ్బింగ్ చెప్పి, హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతు వినగానే మొహం చిట్లిస్తారు. చిట్లించనివాణ్ణి నేనింతవరకు చూడలేదు. కారణం చాలా మామూలుది. మనం మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. ఎముకలు మంద్రపు శబ్దాన్ని బాగా మోస్తాయి. అందుకని మన గొంతు మనకెప్పుడూ గంభీరంగా ఉన్నట్టు తోస్తుంది. రికార్డింగులో ఎముకల వాటా పోతుంది. పల్చగా, ఎవరిదో గొంతులా ఉంటుంది. కానీ ఎదుటివాళ్ళు మొదట్నుంచీ వింటున్నది ఆ పల్చటి గొంతునే! వాళ్ళెవరూ చెవులు మూసుకోలేదు గదా!

మందు ఒక్కటే. రోజూ పది నిమిషాలు ఏదో ఒకటి చదివి రికార్డు చేసి వినండి. వారం తిరిగేసరికి అలవాటైపోతుంది. నాకు తొమ్మిది రోజులు పట్టింది.

పరికరాలా? పరుపులా?

రెండో విలన్ సామగ్రి. ఇక్కడ సౌండ్ ఇంజనీర్‌గా ఒక మాట చెబుతాను, నమ్మండి. ఖాళీ గదిలో ఖరీదైన మైకు కంటే, బట్టలున్న గదిలో మామూలు మైకు నయం. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనే రికార్డింగుని పాడుచేస్తుంది. దాన్ని మింగేవి మెత్తటి వస్తువులు... పరుపులు, దుప్పట్లు, కర్టెన్లు, బట్టలు వేలాడే బీరువా. నా మొదటి ఎపిసోడ్ పడగ్గదిలో, తలుపు తీసిన బీరువాకి ఎదురుగా కూర్చుని, మామూలు ఫోన్‌తో చేశాను. ఫ్యాను ఆపేశాను. ఫ్రిజ్ కూడా కాసేపు కట్టేశాను. చెమటలు పట్టాయనుకోండి!

మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే చాలు. తిన్నగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టుకోండి. 'ప', 'ఫ', 'భ' అన్నప్పుడు గాలి ఫట్టుమని కొట్టదు. కూర్పుకి 'ఆడాసిటీ' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2000 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. ఇక అరగంట మాటల్ని ఒకే ఛానల్‌లో 64 కె.బి.పి.ఎస్. దగ్గర దాస్తే దాదాపు 14 ఎం.బి. అవుతుంది, అంతే. ఇంటర్నెట్ ఖర్చు అనే సాకు కూడా పోయిందన్నమాట!

దాన్ని జనంలోకి పంపడం ఎలా అంటారా? సినిమా భాషలో చెబుతాను. మనం ప్రింటు తీసుకెళ్ళి ఒక్కొక్క హాలుకీ ఇవ్వక్కర్లేదు. హోస్టింగ్ చేసే సంస్థ మన డిస్ట్రిబ్యూటర్. దానికి ఒక్కసారి ఇస్తే, 'ఆర్.ఎస్.ఎస్. ఫీడ్' అనే చిట్టా తయారుచేస్తుంది. స్పాటిఫై, ఆపిల్ వంటి 'హాళ్ళలో' ఆ చిట్టాని ఒకసారి నమోదు చేస్తే చాలు. తర్వాత ఎపిసోడ్లు వాటంతటవే విడుదలైపోతాయి. ఉచితంగా చోటిచ్చే డిస్ట్రిబ్యూటర్లూ ఉన్నారు.

'నాకంటే తెలిసినవాళ్ళున్నారండీ!'

ఉంటారు. ఎప్పుడూ ఉంటారు. అయితే వాళ్ళు మాట్లాడటం లేదే!

హాలీవుడ్ కథకులు జాన్ ఆగస్ట్, క్రెయిగ్ మేజిన్ ఇద్దరూ కలిసి 2011లో 'స్క్రిప్ట్‌నోట్స్' అని మొదలుపెట్టారు. స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళ కష్టసుఖాలు, అంతే. ఆరువందల ఎపిసోడ్లు దాటిపోయింది. 2019లో సంచలనం సృష్టించిన 'చెర్నోబిల్' సీరియల్ రాసింది ఆ మేజినే. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన నాటికి ఆయన కామెడీ రచయిత! రెండుసార్లు ఆస్కార్ అందుకున్న ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్, ఆయన భార్య జేమ్స్ కలిసి 2020లో 'టీమ్ డీకిన్స్' ప్రారంభించారు. మన దర్శకుడు పూరీ జగన్నాథ్ అదే ఏడాది 'పూరీ మ్యూజింగ్స్' మొదలెట్టారు. అతిథుల్లేరు, ఆర్భాటం లేదు. ఒక్క మనిషి, ఒక్క గొంతు, కొద్ది నిమిషాలు.

వీళ్ళంతా పేరున్నవాళ్ళు గదా అనొచ్చు మీరు. నిజమే. వాళ్ళ పేరు మనకి రాదు. పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. తమ పని గురించి, ఆ పని చేసేవాళ్ళ మాటల్లోనే మాట్లాడటం ఆ పద్ధతి. 'సినిమా' అని పెట్టుకుంటే సముద్రం. 'సినిమాలో చప్పుళ్ళు' అనుకుంటే బావి. నీళ్ళు తోడుకోవచ్చు. నా స్నేహితుడొకడు గుంటూరులో పళ్ళ డాక్టరు. 'ఆరోగ్యం' మీద మాట్లాడదామని ఏడాది తన్నుకులాడాడు. 'పన్ను పీకించుకోవాలంటే భయమెందుకు?' అనుకున్నాక రెండువారాల్లో మూడు ఎపిసోడ్లు చేశాడు!

మరో సూత్రం. మొత్తం రాసుకుని చదవకండి. చదువుతున్నట్టు తెలిసిపోతుంది. కార్డు మీద అయిదు పాయింట్లు రాసుకుని, ఎదురుగా ఒక స్నేహితుడున్నాడనుకుని చెప్పండి.

కాల్షీట్లు కుదరడం లేదా?

ఉద్యోగం, ఇల్లు, ట్రాఫిక్... తీరికేదీ? నేనూ అదే పాట పాడాను. చివరికి పరిష్కారం మా పరిశ్రమలోనే దొరికింది. ఒక సెట్టు వేశాక అందులో తీయాల్సిన సీన్లన్నీ వరసగా తీసేస్తారు గదా! అలాగే నెలకో ఆదివారం కాల్షీటు ఇచ్చి రెండు ఎపిసోడ్లు రికార్డు చేసుకున్నాను. పదిహేను రోజులకొకటి విడుదల. 'ప్రతివారం, జీవితాంతం' అని ఒట్లు పెట్టుకోవద్దు. 'ఆరు ఎపిసోడ్లు చేస్తాను, తర్వాత చూద్దాం' అనుకోండి. ఆరింటికి అంతం కనిపిస్తుంది కాబట్టి భయం ఉండదు.

ఆఫీసులో ఏమనుకుంటారో...

ఈ భయాన్ని నేను తీసిపారెయ్యను. కొంత నిజముంది. డాక్టరు రోగి సంగతి, లాయరు కక్షిదారు సంగతి, నాబోటివాడు విడుదల కాని సినిమా కథ చెప్పకూడదు. పేర్లు మార్చినా ఆనవాలు పట్టేట్టుంటే చెప్పకూడదు. ప్రభుత్వోద్యోగులైతే శాఖ నియమాలు చూసుకుని, అనుమతి అవసరమైతే కాగితం మీద తీసుకోండి. అతిథిని పిలిస్తే, ఎక్కడ వినిపిస్తామో ముందే చెప్పి ఒప్పించుకోండి. ఇవి దాటాక మిగిలేది 'నవ్వుతారేమో' అన్న బెరుకే. మా థియేటర్‌లో వారంరోజులు నవ్వారు. ఎనిమిదో రోజున ఒకాయన 'నన్నెప్పుడు పిలుస్తావ్?' అని అడిగాడు!

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. సినిమా మీద పాడ్‌కాస్ట్ అంటే చెయ్యి పాటల మీదికి పోతుంది. 'కొన్ని సెకన్లయితే ఫరవాలేదట' అని అందరూ అంటారు. అలాంటి సెకన్ల లెక్క మన 1957 కాపీరైట్ చట్టంలో లేదు. రికార్డింగుకి హక్కు విడుదలైన మరుసటేడాది నుంచి 60 ఏళ్ళు. సాహిత్యానికీ, బాణీకీ రచయిత, సంగీత దర్శకుల జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్ళు. విమర్శకీ, సమీక్షకీ చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, హిట్ పాటని మన కార్యక్రమానికి టైటిల్ మ్యూజిక్‌గా పెట్టుకోవడం ఆ పద్దులోకి రాదు. నేను కొబ్బరి చిప్పల చప్పుడే పెట్టుకున్నాను. దానికెవరి అనుమతీ అక్కర్లేదు!

ముప్పైనలుగురు ప్రేక్షకులు

2022లో నా మొదటి ఎపిసోడ్ విడుదలైంది. నెల తిరిగాక చూస్తే విన్నవాళ్ళు 34 మంది. అందులో మా ఆవిడ, బావమరిది, నేను! దిగులేసింది. తర్వాత ఆలోచించాను. మా థియేటర్‌లో కుర్చీలెన్ని? పన్నెండు. ఆ పన్నెండుమంది ముందు నన్ను నిలబెట్టి మాట్లాడమంటే కాళ్ళు వణకవూ? ముప్పైనలుగురంటే దానికి మూడింతలు దాదాపు! అంకెని జనంగా చూడండి, అప్పుడు చిన్నదిగా కనిపించదు.

ఇప్పటికీ నా శ్రోతలు వేలల్లో లేరు. దీనిమీద నేను రూపాయి సంపాదించలేదు. ఆ ఆశతో మొదలెట్టేవాళ్ళకి నేను సలహా చెప్పలేను. అయితే పదకొండో ఎపిసోడ్ తర్వాత లెక్కలు చూడటం మానేశాను.

ఆ ఎపిసోడ్ కోసం మాస్టారింటికి వెళ్ళాను. పిన్నిగారితో మాట్లాడదామని. "నాకేం తెలుసు నాయనా, వంటింట్లో ఉండేదాన్ని" అన్నారు. నేను ఫోన్ బల్లమీద పెట్టి ఊరుకున్నాను. కాసేపటికి ఆవిడే లేచి, అటక మీంచి ఓ గుడ్డసంచి దింపించారు. అందులో మాస్టారి కొబ్బరి చిప్పలు!

"రాత్రిళ్ళు ఇంట్లో సాధన చేసేవారు. గుర్రం నడకకి ఇలా... దౌడుకి ఇలా..." అంటూ బల్లమీద వాయించి చూపించారు. బయట ఆటో హారన్, పక్కింట్లో కుక్కరు విజిల్ అన్నీ పడ్డాయి. నా వృత్తి ప్రకారం అది పనికిరాని రికార్డింగు. ఒక్క చప్పుడూ తీసెయ్యలేదు. అలాగే విడుదల చేశాను.

మాస్టారి గొంతు నేను పోగొట్టుకున్నాను. పెట్టె విప్పని మైకు అటక మీద ఉండగానే పోగొట్టుకున్నాను. మీ ఆఫీసులో వచ్చే నెల రిటైరయ్యే పెద్దాయన ఉంటారు. మీ ఇంట్లో మీ నాన్నగారుంటారు. మీలోనూ మీ పనిలో నేర్చుకున్న సంగతులు కొన్ని ఉంటాయి. మంచి మైకు తర్వాత కొనుక్కోవచ్చు.

ఈ ఆదివారం ఫ్యాను ఆపెయ్యండి. బీరువా తలుపు తియ్యండి. ఫోన్ జానెడు దూరంలో పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడండి. బాగా రాలేదా? ఫరవాలేదు, రెండో టేక్ ఉంది!