వెయ్యి షేర్లు ఏమయ్యాయి?

ఇంటి పెద్ద కన్నుమూస్తాడు. కొద్ది రోజుల తర్వాత పిల్లలు బీరువా తెరుస్తారు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదుల నడుమ ఒక షేరు సర్టిఫికెట్ బయటపడుతుంది. దాని మీద మనకు బాగా తెలిసిన బ్యాంకు పేరు ఉంటుంది. ‘అబ్బాజాన్ ఎప్పుడో కొన్నారు, ఇన్నేళ్లలో ఎంత పెరిగిందో’ అని ఇంటిల్లిపాదీ ఆశపడతారు.

షేరు కొని మరిచిపోతే చాలు, అదే పెరుగుతుందన్న మాట మనలో చాలామంది విన్నదే. ఆ మాటలో నిజమెంత? తెలుగువారికి దగ్గరైన మూడు బ్యాంకుల సంగతి చూస్తే మనకు తెలిసివస్తుంది.

మూడు బ్యాంకులు, మూడు దారులు

బెంగుళూరులో 1930లో పుట్టిన వైశ్యా బ్యాంకుకు మన ఊళ్లలోనూ శాఖలుండేవి. 2002లో అది ఐఎన్‌జీ వైశ్యాగా మారింది. 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రా బ్యాంకులో కలిసింది. వెయ్యి షేర్లున్న వారికి 725 కోటక్ షేర్లు వచ్చాయి. అదే ఏడాది కోటక్ ఒకటికి ఒకటి బోనస్ ఇవ్వడంతో అవి 1,450 అయ్యాయి.

ఆంధ్రా బ్యాంకు కథ వేరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో లక్ష రూపాయల మూలధనంతో దీన్ని స్థాపించారు. 1980లో జాతీయమైంది. 2001లో 10 రూపాయల షేరును 10 రూపాయలకే ప్రజలకు అమ్మింది. 2006లో మళ్లీ అమ్మినప్పుడు ధర 90 రూపాయలు. తర్వాత మొండి బాకీలు పెరిగాయి. 2017-18లో 3,400 కోట్లకు పైగా, మరుసటి ఏడు 2,700 కోట్లకు పైగా నష్టం వచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ప్రతి వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు.

మూడోది హైదరాబాదులో 1994లో వెలసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు. దాని షేర్ల కోసం జనం ఎగబడ్డారు. పదేళ్లు తిరిగేసరికి, 2004 జూలై 24న, రిజర్వు బ్యాంకు దానిపై మారటోరియం విధించింది. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్ దారుల సొమ్ము దక్కింది. వాటాదారులకు ఒక్క షేరూ ఇవ్వలేదు.

వెయ్యి షేర్లు ఒకచోట 1,450 అయ్యాయి, ఒకచోట 325 అయ్యాయి, ఇంకొకచోట సున్నా అయ్యాయి. దాచుకున్న వారందరూ ఓపిక పట్టినవారే.

కొన్న ధర మాటేమిటి?

ఆంధ్రా బ్యాంకు లెక్కనే కాస్త వివరంగా చూద్దాం. 2001లో వెయ్యి షేర్లు కొన్నవారు పెట్టింది 10 వేలు. 2006లో కొన్నవారు పెట్టింది 90 వేలు. విలీనమప్పుడు ఇద్దరికీ దక్కింది అవే 325 షేర్లు. ఆనాడు యూనియన్ బ్యాంకు షేరు 30 రూపాయల లోపే ఉంది. అంటే ఇద్దరి చేతిలోనూ మిగిలింది 10 వేల లోపు.

2023 చివరికి ఆ షేరు 100 రూపాయలు దాటింది. 100 రూపాయల చొప్పున చూస్తే 325 షేర్ల విలువ 32,500. మొదటివారి సొమ్ము దాదాపు 23 ఏళ్లలో మూడు రెట్లకు కాస్త పైన అయింది. ఏటా సుమారు 5 శాతం పెరిగినట్టు. రెండోవారికి పదిహేడేళ్లు దాటినా అసలులో సగం కూడా లేదు. మధ్యలో అందిన డివిడెండ్లు కలిపితే ఇద్దరి లెక్కా మెరుగవుతుంది కానీ ఇద్దరి మధ్య ఎడం మాత్రం పోదు. బ్యాంకు ఎలాంటి అప్పులిచ్చింది, మనం ఏ ధరకు కొన్నాం అన్నవే ఫలితాన్ని తేల్చాయి. కాలం వాటికి తోడు నడిచిందంతే.

అప్పిచ్చినవాడా, భాగస్వామా?

గ్లోబల్ ట్రస్ట్ ఉదంతంలో మనం గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. డిపాజిట్ దారుడు బ్యాంకుకు అప్పిచ్చినవాడు. వాటాదారుడు ఆ వ్యాపారంలో షరీక్, అంటే భాగస్వామి. బాకీలు మునిగితే ముందుగా కరిగేది అతని సొమ్మే. లాభంలోనూ నష్టంలోనూ అతనికి పాలుంటుంది.

భాగస్వామ్యం అన్నాక ఏ వ్యాపారంలో అన్న ప్రశ్న కూడా వస్తుంది. బ్యాంకు రాబడిలో అధికభాగం వడ్డీ. అందుకే ఇటువంటి బ్యాంకుల షేర్లు సమ్మతం కావని ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. 2010లో బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి షరియా సూచీని ప్రారంభించినప్పుడు అందులో వడ్డీ బ్యాంకులకు చోటు లేకపోవడానికి కారణమిదే. వారసత్వంగా వచ్చిన షేర్లను, వాటి డివిడెండును ఏం చేయాలన్నది నమ్మకమైన ముఫ్తీ సాహెబును అడిగి తేల్చుకోవాలి. ‘అబ్బా కొన్నారు కదా’ అని ఊరుకోవడం జవాబు కాదు.

కాగితం బీరువాలోనే ఉంటే

ఏం చేయాలన్నా ముందు ఆ షేర్లు వారసుల పేరు మీదికి రావాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్లను అమ్మి వేరొకరికి బదలాయించడం కుదరదు, డీమాట్ చేయించాలి. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండు కేంద్ర ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి వెళ్తుంది. తగిన పత్రాలతో దరఖాస్తు చేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు.

నామినీగా పెద్దకొడుకు పేరుంటే షేర్లన్నీ అతనివేనని చాలా ఇళ్లలో అనుకుంటారు. అది పొరపాటు. నామినీ సొంతదారు కాడని, వారసుల హక్కు అలాగే ఉంటుందని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. షరీఅత్ ప్రకారం సంతానమున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు ఉంది. కొడుక్కి రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు ఉంది. బీరువాలో మరుగున పడిన కాగితం వల్ల అమ్మీకి, అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లకు రావలసినది పోకూడదు.

కాబట్టి ఇంటి పెద్దలు బతికుండగానే ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఏ షేర్లు, ఎన్ని, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ, ఆ కంపెనీ ఇప్పుడు ఏ పేరుతో ఉన్నదీ అందులో ఉండాలి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఆడపిల్లలకు, తెలియాలి. ఈ శుక్రవారం నమాజు నుంచి తిరిగొచ్చాక ఆ పని మొదలుపెడదాం.