ఇల్లు ఖాళీ చేయుమను నోటీసు

సికింద్రాబాదులో మారేడుపల్లి, పద్మారావునగరు, సీతాఫలమండి వీథులలో క్రింది భాగమున యజమానియు, మీది భాగమున అద్దెకున్నవారును కాపురముండు ఇండ్లు పెక్కు కలవు. రాకపోకలకు ఒకే గేటు. పండుగనాడు పులిహోర గిన్నె క్రిందినుండి పైకి, పైనుండి క్రిందికి నడుచును. అట్టి యింటికి ఒకనాడు తపాలాలో వకీలుగారి కవరు వచ్చును. పదునైదు దినములలో ఇల్లు ఖాళీ చేయవలెనని అందలి సారాంశము. ఆ రాత్రి పై యింట ఎవరికిని అన్నము సహింపదు. పిల్లల బడి యేమగును? ముసలివారిని ఎచ్చటికి తీసికొని పోవలెను? క్రింది యింటను సుఖము లేదు. పెండ్లియైన కుమారునికి గది చాలక ఆ గృహస్థు ఆ కాగితమును పంపియుండవచ్చును. ఈ యిరువురకును ఉపకరించునని, ఆ కాగితమునకు గల బలమెంతయో, లేని బలమెంతయో నేడు విన్నవించుచున్నాము.

నోటీసు ఇచ్చుట వేరు, ఇల్లు ఖాళీ చేయించుట వేరు. గడువు తీరినంతమాత్రమున సామాను వీథిలో పెట్టించుటకు గాని, తలుపునకు తాళము వేయుటకు గాని యజమానికి అధికారము రాదు. అద్దెదారు తానై కదలనిచో న్యాయస్థానపు ఉత్తరువు పొందవలసినదే.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనప్పుడు నివాసగృహపు అద్దె నెలనెలకు సాగునదిగా ఎంచబడును. దానిని ముగించుటకు పదునైదు దినముల నోటీసు చాలును. విడిచిపోదలచిన అద్దెదారునకును ఈ నియమమే. నోటీసు వ్రాతపూర్వకముగా ఉండవలెను; సంతకము ఉండవలెను. దానిని తపాలాలో పంపవచ్చును, స్వయముగా చేతికీయవచ్చును, ఇంటిలోని కుటుంబీకులకు అందజేయవచ్చును. ఇవి సాధ్యము కానిచో ఇంటికే కనబడునట్లు అంటింపవచ్చును. గడువు నోటీసు అందిన నాటినుండి లెక్కకు వచ్చును. పూర్వము ఆ గడువు అద్దెనెల ముగియు దినముతో సరిపోవలసియుండెను. ఒక్క దినము తేడా వచ్చినను దావా వీగిపోవుచుండెను. 2003వ సంవత్సరపు సవరణ ఆ చిక్కును తొలగించినది.

అయితే అన్ని ఇండ్లకును ఈ మార్గము వర్తింపదు. 1954లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును అద్దె నియంత్రణ చట్టములు వచ్చినవి. 1960 నాటి చట్టమే నేడు తెలంగాణ పేరిట అమలులో నున్నది. నగరపాలక సంస్థ పరిధిలో నెలకు రూ. 3,500 మించని అద్దెగల పాత యిండ్లకు ఇది రక్ష. కట్టి పదునైదేండ్లు నిండని కట్టడములు దీని వెలుపలివి. ఈ చట్టము క్రిందికి వచ్చు ఇంటి విషయమున యజమాని రెంటు కంట్రోలరు ఎదుట కారణము నిరూపింపవలెను: బుద్ధిపూర్వకముగా అద్దె ఎగవేయుట, అనుమతి లేక ఇతరులకు అద్దెకిచ్చుట, ఇంటిని పాడుచేయుట, యజమానికి నివాసము నిజముగా అవసరమగుట మొదలైనవి. కారణము లేనిచో ఎంత గట్టి నోటీసైనను నిష్ఫలము. కారణమున్నచో 106వ సెక్షను నోటీసు లేకున్నను అర్జీ చెల్లునని సుప్రీముకోర్టు 1979లో తీర్పు చెప్పినది.

నోటీసు అందిన కోపములో అద్దె చెల్లింపు మానుట అద్దెదారు చేయదగని పని. అది ఎదుటివారి చేతికి తానే కారణమును అందించినట్లగును. యజమాని అద్దె పుచ్చుకొననిచో 1960 చట్టము క్రింద కంట్రోలరు వద్ద జమ చేయు మార్గము కలదు. రసీదులను భద్రపరచుకొనవలెను. నీళ్లు, దీపము ఆపి అద్దెదారుని కదలించుట యజమాని చేయదగని పని. ఆ చట్టపు 14వ సెక్షను అట్టి చర్యను నిషేధించినది.

గడువు ముగిసిన పిమ్మట అద్దె పుచ్చుకొనుటయందును జాగ్రత్త వలయును. అద్దె సంబంధము కొనసాగవలెనను ఉద్దేశముతో దానిని స్వీకరించినచో నోటీసును వదలుకొన్నట్లే యని 113వ సెక్షను చెప్పుచున్నది. అందుచే ఏ భావముతో పుచ్చుకొన్నదియు రసీదులోనే తెలుపుట మేలు.

చట్టము పదునైదు దినములే చెప్పినను, బడి సెలవుల వరకు ఆగుటను అది వారింపలేదు. వకీలుగారి కవరు పంపుటకు ముందు యజమాని ఒక్కసారి మెట్లెక్కి తన అవసరమును నోట చెప్పినచో ఆ కవరుతో పని లేకయే పోవచ్చును. పంపవలసి వచ్చినను, అది వచ్చునని ముందే తెలిసిన యింట ఆ రాత్రి అన్నము సహించును.