విజిల్ సొమ్ము - పన్ను లెక్క

మన హాస్టల్ గ్రౌండ్‌లో ఆట నేర్చుకుని బయటికి వెళ్ళిన వాళ్ళలో కొందరం ఇప్పుడు ఆడటం మానేసి ఆడిస్తున్నాం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పోటీలకు రిఫరీలుగా, అంపైర్లుగా వెళుతున్నాం. కొందరికి అది చదువు ఖర్చు, కొందరికి ఉద్యోగంతోపాటు వచ్చే పైసంపాదన. మేము హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మ్యాచ్ ఫీజులో పది శాతం కోసేశారు. ఆ డబ్బు పోయినట్టేనా?" పోలేదు. కాని అడగందే తిరిగి రాదు. ఆ సంగతి అందరికీ తెలియాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

కోత వేరు, పన్ను వేరు

2008 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం క్రీడాకారులతోపాటు అంపైర్లు, రిఫరీలు, కోచ్‌లకు ఇచ్చే ఫీజు కూడా 194జె సెక్షన్ కిందికి వచ్చింది. అంటే ఫీజు ఇచ్చే సంఘం పది శాతం పట్టుకుని, మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమ చేయాలి. దీనినే టీడీఎస్ అంటారు. ఒకే సంఘం ఏడాదిలో ఇచ్చేది 30,000 రూపాయలు దాటితే ఈ కోత ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితిని 50,000కు పెంచారు. పాన్ ఇవ్వకపోతే పదికి బదులు ఇరవై శాతం కోస్తారు.

ఇక్కడ రెండు అపోహలున్నాయి. కోత పడింది కాబట్టి పన్ను తీరిపోయింది అనుకోవడం ఒకటి. కోత పడలేదు కాబట్టి పన్ను లేదు అనుకోవడం రెండోది. రెండూ తప్పే. టీడీఎస్ ముందుగా పట్టి ఉంచిన సొమ్ము మాత్రమే. అసలు పన్ను ఏడాది మొత్తం ఆదాయాన్ని బట్టి తేలుతుంది. సంక్రాంతి పోటీలకు ఊరి కమిటీ చేతికిచ్చిన నగదు కూడా ఆ మొత్తంలో కలుస్తుంది.

రెండు లెక్కలు

2025-26 ఆర్థిక సంవత్సరాన్ని తీసుకుందాం. డిగ్రీ చదివే తమ్ముడికి ఒక సంఘం నుంచి 64,000, ఊరి పోటీల నుంచి 18,000 వచ్చాయనుకుందాం. మొత్తం 82,000. సంఘం 6,400 పట్టుకుంది. కొత్త పద్ధతిలో నాలుగు లక్షల వరకు పన్నే లేదు. అంటే ఆ 6,400 పూర్తిగా అతనిదే. అయితే రిటర్ను వేస్తేనే అతని బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుంది. బ్యాంకు వడ్డీకి ఇచ్చినట్టు ముందే 15జి ఫారం ఇచ్చి కోత ఆపుదామంటే మ్యాచ్ ఫీజుకు ఆ ఫారం చెల్లదు.

ఇక ఉద్యోగంలో ఉన్న పీఈటీ అన్నయ్య లెక్క చూద్దాం. జీతం 12,50,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 11,75,000. కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల వరకు రిబేటు ఉంది కనుక ఆఫీసులో అతని పన్ను సున్నా. దానికి మ్యాచ్ ఫీజు 60,000 కలిస్తే 12,35,000 అవుతుంది. గీత దాటాడు. ఇలా కొద్దిగా దాటినవారికి, దాటిన సొమ్ముకు మించి పన్ను పడకుండా ఊరట ఉంది. కనుక పన్ను 35,000, దానిపై నాలుగు శాతం సెస్సు 1,400, మొత్తం 36,400. పట్టుకున్న 6,000 పోగా ఇంకా 30,400 కట్టాలి. 60,000 సంపాదనలో సగం కంటే ఎక్కువ పన్నుకే పోయింది.

అదే అన్నయ్య పోటీలకు తిరిగిన బస్సు, రైలు టిక్కెట్లు, బస ఖర్చు, యూనిఫాం, బూట్ల బిల్లులు దాచుకున్నాడనుకోండి. సంఘం తిరిగి ఇవ్వని ఖర్చు 20,000 చూపగలిగితే ఆదాయం 12,15,000కు దిగుతుంది. పన్ను, సెస్సు కలిపి 15,600. కట్టవలసింది 9,600 మాత్రమే. బిల్లుల కవరు విలువ ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది.

కోత పోగా కట్టవలసింది 10,000 లేదా అంతకు మించితే ఏడాది చివరిదాకా ఆగకూడదు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీల్లోగా ముందస్తు పన్ను కట్టాలి. లేకుంటే వడ్డీ పడుతుంది. ఉద్యోగులు ఈ ఆదాయాన్ని తమ డీడీఓకు తెలిపితే జీతంలోనే సర్దుతారు.

రైస్ కార్డు భయం

రిటర్ను వేస్తే ఇంట్లో రైస్ కార్డు పోతుందని చాలామంది వెనుకాడుతున్నారు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ అర్హతల్లో కుటుంబంలో ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండరాదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కాని రిటర్ను వేయడం వేరు, పన్ను చెల్లించడం వేరు. రిటర్ను వేయకపోతే మీ పాన్ మీద కోసిన టీడీఎస్ అలాగే కనిపిస్తుంది. మీ అసలు పన్ను సున్నా అని తేల్చి చెప్పే కాగితం ఆ రిటర్నే. దాని రసీదు భద్రపరచుకోండి. సచివాలయంలో అడిగితే చూపవచ్చు.

మేము పాటిస్తున్నవి

1. ఫీజు ఎవరిది వారి ఖాతాకే వేయించుకోవాలి. మొత్తం ఒకరి పాన్ మీద తీసుకుని పంచుకుంటే ఆదాయమంతా ఆ ఒక్కరిదిగా నమోదవుతుంది.

2. పాన్, ఆధార్ అనుసంధానం అయి ఉండాలి.

3. సంఘం నుంచి 16ఏ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. పోర్టల్‌లో 26ఏఎస్ తెరిచి కోసిన సొమ్ము జమ అయిందో లేదో చూడాలి. జమ కాకపోతే రిటర్నుకు ముందే సంఘాన్ని అడగాలి.

4. తేదీ, ఊరు, పోటీ, ఫీజు, ఖర్చు అని ఐదు గడులతో ఒక నోటుబుక్కు రాయాలి.

5. అప్పుడప్పుడు వెళ్ళేవారికి, క్రమంగా వెళ్ళేవారికి రిటర్ను ఫారం వేరుగా ఉంటుంది. మొదటిసారి తెలిసినవారి చేత చూపించుకోవడం మేలు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. ఆ తేదీ తర్వాతి సంపాదనకు సెక్షన్ల సంఖ్యలు మారతాయి. పైన చెప్పిన పాత సంఖ్యలు 2025-26 వరకే పనికివస్తాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఎండలో నిలబడి విజిల్ ఊది సంపాదించిన ప్రతి రూపాయీ మన చెమటే. కోర్టులో పాయింటు ఎవరిదో తేల్చి చెప్పే మనం, మన పాయింటు దగ్గర మౌనంగా ఉండకూడదు. ఈ ఏడాది ఎవరికైనా కోత పడి ఉంటే కాగితాలతో వార్షికోత్సవానికి రండి. కూర్చుని కలిసి లెక్క చూద్దాం.